8,500 తిప్పాలంటే క్రాంక్‌ను కోయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ దగ్గర పాత మారుతి ఎస్టీమ్ కారు ఉంది, పదహారు వాల్వుల 1.3 లీటర్ల ఇంజిన్. దాన్ని 8,500 ఆర్‌పీఎం వరకు తిప్పాలని మీ కోరిక. జీడిమెట్లలో ఒక గ్రైండింగ్ షాపువారు క్రాంక్ (పిస్టన్ల పైకీ కిందికీ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) పిన్నులను, అంటే రాడ్లు పట్టుకునే చోట్లను, కేంద్రం జరిపి గ్రైండ్ చేసి స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 4 మి.మీ. తగ్గిస్తామన్నారు. పిన్నులకు ఎదురుగా ఉండే కౌంటర్ వెయిట్లను కత్తి అంచులా చెక్కి బరువు కూడా దించుతామన్నారు. ఒప్పుకోవచ్చా, చేయిస్తే ఎన్నాళ్లు మన్నుతుంది అని అడిగారు.

ఒప్పుకోకండి. కనీసం ఇప్పుడే వద్దు. పాతికేళ్లుగా సనత్‌నగర్‌లో ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను, అందులో రేసు బండ్లవీ ఉన్నాయి. స్ట్రోకు మార్చకపోయినా, పిన్నులు గ్రైండ్ చేసిన క్రాంక్ నేనూ ఒకసారి చేయించాను. అది విరిగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను, ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే షాపువారు మీకు లెక్క చెప్పి ఉండరు.

మీ ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 74 మి.మీ., స్ట్రోకు 75.5. క్రాంక్ పిన్ను వ్యాసం 42 అనుకుందాం. దాన్ని 38కి తెస్తూ కేంద్రాన్ని మెయిన్ జర్నల్ (బ్లాకు బేరింగుల్లో క్రాంక్ తిరిగే భాగం) వైపు 2 మి.మీ. జరిపితే పిస్టన్ పైన 2, కింద 2 తక్కువగా కదులుతుంది. స్ట్రోకు 71.5 అవుతుంది. ఇది జరిగే పనే, షాపువారు అబద్ధం చెప్పలేదు. కానీ దానివల్ల మీకు దక్కేదేమిటి? 8,500 వద్ద సగటు పిస్టన్ వేగం పాత స్ట్రోకుతో సెకనుకు 21.4 మీటర్లు, కొత్త స్ట్రోకుతో 20.3. అంటే కోసిన క్రాంక్‌ను 8,500 తిప్పినా, కోయని క్రాంక్‌ను 8,050 తిప్పినా పిస్టన్ వేగం ఒకటే. నిజానికి పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్డును తెంపేది వేగం కాదు, పైకొసన పిస్టన్ ఆగి వెనక్కి తిరిగే క్షణంలో పడే గుంజు. ఆ లెక్కన చూస్తే, రాడ్డును కాస్త పొడవు చేసినా కూడా, లాభం అటు ఇటుగా 300 ఆర్‌పీఎం. ఇందుకోసం 69 సీసీ వదులుకుంటున్నారు, 1,298 కాస్తా 1,230 అవుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

అంతటితో పోతుందా అంటే పోదు. పిస్టన్ పైకొసన 2 మి.మీ. కిందే ఆగిపోతుంది కదా, ఆ ఖాళీ ఒక్కో సిలిండర్‌లో 8.6 సీసీ. మీ కంప్రెషన్ నిష్పత్తి 9 అనుకుంటే ఒక్కసారిగా 7.25కు పడిపోతుంది. గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కితే బండి నిద్రలో నడుస్తున్నట్టుంటుంది. దాన్ని సరిచేయాలంటే 2 మి.మీ. పొడవైన రాడ్లు కావాలి, లేదా పిస్టన్ పిన్ను కిందికి దించిన పిస్టన్లు కావాలి. రాడ్డు పెద్ద కన్ను 38 పిన్నుకు సరిపోవాలి, దానికి బేరింగ్ షెల్స్ (మధ్యలో కూర్చునే పలచటి అరచుట్టు రేకులు) దొరకాలి. కాలికి వేస్తే మెడకు, మెడకు వేస్తే కాలికి. క్రాంక్ గ్రైండింగ్ కూలి చూసి చవక అనుకున్నవారు రాడ్లు, పిస్టన్ల దగ్గరికి వచ్చేసరికి బండి ధర దాటేస్తారు.

ఇంకో మాట. స్ట్రోకు పొడవు వల్లే ఇంజిన్ పైకి తిరగడం లేదన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా పాతుకుపోయింది. 1999లో వచ్చిన హోండా ఎస్2000 ఇంజిన్ స్ట్రోకు 84 మి.మీ., మీదాని కంటే 8.5 ఎక్కువ. అది షోరూం నుంచి వచ్చిన కారే 9,000 తిరిగేది. పిస్టన్ వేగం సెకనుకు 25 మీటర్లు దాటుతుంది. 1989 నాటి హోండా బీ16ఏ ఇంజిన్‌కు 77.4 మి.మీ. స్ట్రోకు, 160 హార్స్‌పవర్ 7,600 వద్ద వచ్చేది. అంతదూరం ఎందుకు, మీ ఇంజిన్ కుటుంబాన్నే చూడండి. 74, 75.5 అవే కొలతలు. కార్బురేటర్, ఎనిమిది వాల్వుల తొలి ఎస్టీమ్‌కు 65 హార్స్‌పవర్. పదహారు వాల్వులు, ఇంజెక్షన్ వచ్చాక 85. బయటి దేశాల్లో సుజుకి స్విఫ్ట్ జీటీఐ పేరుతో అమ్మినదానికి డబుల్ క్యామ్ హెడ్డు, అది 6,500 దగ్గర వంద దాటేది. మూడింట్లోనూ బోరు, స్ట్రోకు మారలేదు. మారింది హెడ్డు, అంటే వాల్వులు, క్యామ్ ఉండే పైభాగం.

మీ ఇంజిన్ 6,000 దాటాక నీరసపడేది కూడా అందుకే. అంత వేగంలో సిలిండర్ నిండేంత గాలి హెడ్డులోని ఆ పోర్టుల్లోంచి (గాలి దారుల్లోంచి), వాల్వులను తెరిచే ఆ క్యామ్‌తో, ఆ వాల్వు ఎత్తుతో లోపలికి రాదు. గాలి రాకపోతే టార్క్ పడిపోతుంది. 105 న్యూటన్ మీటర్ల టార్క్ 6,000 వద్ద ఉంటే అది 66 కిలోవాట్లు, దాదాపు 90 హార్స్‌పవర్. అదే టార్క్‌ను 8,000 దాకా నిలబెట్టగలిగితే 88 కిలోవాట్లు, దాదాపు 120. ఇందులో క్రాంక్ చేయగలిగింది ఏమీ లేదు. విరగకుండా ఉండడమే దాని పని. హెడ్డు పని చేయించకుండా క్రాంక్ ముట్టుకుంటే, 8,500 తిరిగే ఇంజిన్ తయారవుతుంది గానీ 6,500 తర్వాత అది అరవడమే తప్ప బండిని లాగదు.

కాబట్టి డబ్బు ముందు హెడ్డుకు వెళ్లాలి. పోర్టింగు, వాల్వు సీట్లకు మూడు కోణాల కోత, క్యామ్. వీటి గురించి ఎక్కువ చెప్పను, హైదరాబాద్‌లో మంచి హెడ్డు పనివాళ్లు ఉన్నారు. అందరూ మరిచిపోయే వాల్వు స్ప్రింగుల దగ్గర మాత్రం ఆగుతాను. 8,000 ఆర్‌పీఎం వద్ద ఒక్కో వాల్వు సెకనుకు 67 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. స్ప్రింగు మెత్తబడితే వాల్వు క్యామ్ వెంట దిగదు, గాల్లో తేలుతుంది. పిస్టన్‌కు అందేంత దూరంలో తేలితే ఆ రోజుతో సరి. పాత స్ప్రింగులు కంటికి బాగానే కనిపిస్తాయి. నేను చేసేది చెబుతాను, నవ్వకండి. డ్రిల్లింగ్ మిషన్ బల్ల మీద ఇంట్లో బరువు చూసుకునే త్రాసు పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, హెడ్డులో అది కూర్చునే ఎత్తుకు చక్‌తో నొక్కుతాను. త్రాసు చూపిన బరువును సుద్దముక్కతో రాసుకుంటాను. ఆ తర్వాత క్యామ్ ఎత్తినంత నొక్కి మళ్లీ రాసుకుంటాను. ఒక ఎస్టీమ్ హెడ్డులో పదహారింటికి నాలుగు స్ప్రింగులు మిగతావాటి కంటే బాగా మెత్తగా తేలాయి, నాలుగూ ఎగ్జాస్ట్ వైపువే. ఆ బండి యజమాని అప్పటికే ఆరు నెలలుగా ఇగ్నిషన్ కాయిల్ మారుస్తూ, 6,800 దగ్గర తడబాటుకు మందు వెతుకుతున్నాడు. క్యామ్ ఎత్తు పెంచితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలిపోకుండా ఖాళీ మిగులుతోందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక కింద. 8,000 వద్ద పైకొసన పిస్టన్ మీద పడే త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు 3,500 రెట్లు, రాడ్డు పొడవు 120 మి.మీ. అనుకుంటే. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్డు చిన్న కన్ను కలిపి 400 గ్రాములైతే అవి ఆ క్షణంలో 1,400 కిలోల బరువులా రాడ్డును గుంజుతాయి. 6,500 వద్ద ఇదే గుంజు 940 కిలోలు. వేగం పెరిగింది 23 శాతమే, గుంజు పెరిగింది సగానికి పైగా. మండే గ్యాసు పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది కాబట్టి పవర్ స్ట్రోకు పైకొసన ఈ గుంజు కొంత తగ్గుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పైన ఆపేందుకు ఏమీ ఉండదు, మొత్తం భారం రెండు రాడ్డు బోల్టుల మీద పడుతుంది. పైకి తిప్పిన ఇంజిన్లలో మొదట తెగేది ఆ బోల్టులే. కంపెనీ బోల్టులను విప్పి మళ్లీ వాడకండి. మంచి బోల్టులు, లేదంటే ఈఎన్24 స్టీలుతో చేసిన రాడ్లు కొనండి. బోల్టు బిగించేటప్పుడు టార్క్ రెంచి ఒక్కటే నమ్ముకోకండి, బోల్టు సాగిన పొడవు కొలవండి. దారాలకు రాసిన నూనె మారితే టార్క్ మారకుండానే బిగువు మారిపోతుంది.

క్రాంక్ సంగతికి వస్తాను. నేను విరగ్గొట్టిన దాని గురించి చెబుతానన్నాను కదా. ఒక కుర్రాడి ఎస్టీమ్, ట్రాక్‌కే తయారుచేశాం. స్ట్రోకు మార్చలేదు, పిన్నులు అరిగాయని ఒక అండర్‌సైజుకు, అంటే షెల్స్ దొరికే తర్వాతి చిన్న కొలతకు గ్రైండ్ చేయించాం, అంతే. షాపు పేరు చెప్పను, వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో రెండో రోజు, మూడో గేరులో 7,800 దగ్గర ఒక్క ఠప్‌మన్న శబ్దం. ఇంజిన్ ఆగలేదు, అదే విచిత్రం, కర్ర పట్టుకుని గోడకేసి కొడుతున్నట్టు చప్పుడు చేస్తూ పిట్ దాకా వచ్చింది. కింద నూనె నిలిచే సంపు విప్పితే మూడో పిన్ను దాని పక్క చెంప (పిన్నును మెయిన్ జర్నల్‌కు కలిపే పలక) దగ్గర విరిగి, రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని తిరుగుతున్నాయి.

హైదరాబాద్ తెచ్చాక ఆ ముక్కను మా ఉస్తాద్ కిరసనాయిలుతో కడిగి ఎండలో పట్టుకున్నాడు. విరిగిన ముఖంలో మూడొంతుల మేర నున్నగా, చెరువు ఎండేటప్పుడు గట్టున మిగిలే నీటి గీతల్లా ఒకదాని వెనక ఒకటి వంపు గీతలు. మిగిలిన వంతు చక్కెర పలుకుల్లా గరుకుగా. నున్నటి భాగమంతా రోజుకింత చొప్పున పాకిన పగులు. గరుకు భాగం చివరి క్షణంలో తెగింది. ఆ గీతలన్నీ ఒకే చోటు నుంచి మొదలయ్యాయి. పిన్ను చెంపను కలిసే మూల అది. ఉస్తాద్ బొటనవేలి గోరుతో ఆ మూలను గీశాడు, గోరు పట్టుకుంది. కంపెనీ క్రాంక్‌లో అక్కడ గుండ్రటి వంపు ఉంటుంది, ఫిల్లెట్ అంటాం, గోరు జారిపోవాలి. గ్రైండింగ్ రాయి అంచును ఆ వంపుకు తీర్చుకోకుండా నేరుగా దించేశారు. పిన్ను వ్యాసం చూస్తే అద్దంలా ఉంది, మైక్రోమీటరుకు సరిగ్గా సరిపోయింది. చంపింది మాత్రం మూల.

అందుకే క్రాంక్ ఎక్కడ గ్రైండ్ చేయించినా వెంట రేడియస్ గేజ్ తీసుకెళ్లండి. కంపెనీ క్రాంక్ ఫిల్లెట్ కొలత ముందే రాసుకుని, తిరిగి తీసుకునేటప్పుడు ప్రతి మూలా చూడండి. మెయిన్ జర్నళ్లు, పిన్నులు కలిపి తొమ్మిది, రెండేసి మూలలు, పద్దెనిమిది. పది నిమిషాల పని. నూనె రంధ్రాల నోళ్లు కూడా పదునుగా వదలకూడదు, చుట్టూ వాలుగా తీర్చి పాలిష్ చేయించాలి. పగులు ఉందో లేదో అయస్కాంతం, ఇనుప పొడి పరీక్ష చేయించండి, బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల్లో చేసేవారున్నారు. అంతకు ముందు క్రాంక్‌ను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టి చూడడం మా పాత పద్ధతి. మంచిది గుడి గంటలా మోగుతుంది, పగిలింది కుండలా మొద్దు శబ్దం చేస్తుంది. ఇది పరీక్షకు బదులు కాదు. మోగనిదాన్ని పరీక్షకు కూడా మోసుకెళ్లక్కర్లేదు, అంతే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కేంద్రం జరిపి స్ట్రోకు తగ్గించడం బలం దృష్టిలో మరీ మూర్ఖపు పని కాదు. మెయిన్ జర్నల్, పిన్ను పక్క నుంచి చూస్తే ఒకదానిపై ఒకటి కొంత పడతాయి, క్రాంక్ బిగువు చాలావరకు ఆ అతివ్యాప్తిలోనే ఉంది. 45 మెయిన్, 42 పిన్ను, 75.5 స్ట్రోకుకు అది 5.75 మి.మీ. 38 పిన్నుతో 71.5కు తగ్గిస్తే ఇప్పటికీ 5.75. అదే 38 పిన్నుతో స్ట్రోకును 79.5కు పెంచితే 1.75 మాత్రమే మిగులుతుంది. సీసీ పెంచుదామని ఇటువైపు వెళ్లినవాళ్ల క్రాంకులు ఎందుకు నిలవవో ఈ ఒక్క అంకె చెబుతుంది. అయితే మీ విషయంలోనూ పిన్ను చర్మం పోతుంది. కంపెనీ గట్టిపరిచిన పొర పలచనిది, బయటివైపు 4 మి.మీ. దాకా కోసేస్తే లోపల మెత్తటి లోహం బయటపడుతుంది. మళ్లీ నైట్రైడింగ్, అంటే నత్రజనితో పైపొరను గట్టిపరచడం, చేయించాలి. దాదాపు 500 డిగ్రీల కొలిమిలో గంటల తరబడి, క్రాంక్‌ను నిలువుగా వేలాడదీసి చేస్తే వంపు తక్కువ. పొర మిల్లీమీటరులో కొద్ది వంతే కాబట్టి ముందు తుది కొలతకు గ్రైండ్ చేసి, తర్వాత పాలిష్ మాత్రమే చేయాలి. వెనక్కి వచ్చాక వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో వంపు చూడండి. వంగి వస్తే ప్రెస్సు కింద పెట్టి సరిచేస్తామంటారు, ఇవ్వకండి, ఆ గట్టి పొర పగులుతుంది.

కౌంటర్ వెయిట్లు చెక్కడం మాత్రం నేను గట్టిగా వద్దంటాను. అవి అక్కడ దండగకు లేవు. ఎదురుగా ఉన్న పిన్ను, రాడ్డు పెద్ద కన్ను విసురును అవి మెయిన్ బేరింగు పక్కనే తమ విసురుతో తట్టుకుంటాయి. వాటి బరువు తీసేస్తే ఇంజిన్ మొత్తంగా బ్యాలెన్సుగానే కనిపిస్తుంది, ఎందుకంటే నాలుగు సిలిండర్ల వరస ఇంజిన్‌లో రెండు పిన్నులు పైన, రెండు కింద. కానీ లోపల మధ్య మెయిన్ బేరింగు మీద భారం పెరుగుతుంది, అదీ వేగం వర్గంతో. తేలికగా తిరగాలన్న కోరిక ఉంటే ఫ్లైవీల్ బరువు తగ్గించండి. దాన్ని లేత్ మీద వెనకవైపు అంచు నుంచి తీయాలి, బోల్టుల దగ్గర ముట్టుకోకూడదు, తూట్లు పొడవకూడదు. పోత ఇనుము ఫ్లైవీల్ 8,000 దాటి తిప్పితే పేలే అవకాశం ఉంది, అది ఉండేది మీ కాళ్ల పక్కనే. స్టీలుది చేయించండి.

బ్యాలెన్సింగుకు పంపేటప్పుడు ఒంటి క్రాంక్ ముందు, తర్వాత పుల్లీ, ఫ్లైవీల్, క్లచ్ కవర్ ఒక్కొక్కటిగా చేర్చి, గుర్తులు పెట్టించండి. ఈ రకం ఇంజిన్‌కు రాడ్లు, పిస్టన్లకు బదులుగా పిన్నుల మీద బరువులు కట్టి తిప్పాల్సిన అవసరం లేదు, ఎవరైనా దానికి వేరే డబ్బు అడిగితే ఇవ్వకండి. కేంద్రం నుంచి 60 మి.మీ. దూరంలో 10 గ్రాముల తేడా మిగిలిపోతే 8,000 వద్ద అది 43 కిలోల బలంతో బ్లాకును పక్కకు కుదుపుతుంది, సెకనుకు 133 సార్లు. ముందున్న రబ్బరు డంపర్ పుల్లీని తీసి అల్యూమినియంది పెట్టకండి. చూడ్డానికి బాగుంటుంది, క్రాంక్ మెలికల కంపనాన్ని మింగేది ఆ రబ్బరే. నూనె పంపు కూడా క్రాంక్ ముక్కుతోనే తిరుగుతుంది కాబట్టి ఆ కంపనం ముందుగా పంపు గేరును పగలగొడుతుంది, ఆ తర్వాత బేరింగులు నిమిషంలో పోతాయి. సంపులో అడ్డుగోడలు పెట్టించండి, నూనె ఉష్ణోగ్రత మీటరు తప్పనిసరి. మన పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి ఇంజెక్టర్లు కాస్త పెద్దవి పెట్టాలి, పాత ఇంధన పట్టికతో ట్యూన్ చేస్తే పై వేగాల్లో మిశ్రమం పలచబడి పిస్టన్ కరుగుతుంది.

ఇంకోటి, సీసీ మారితే ఆర్‌సీ పుస్తకంలోని వివరాలకు బండి సరిపోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీన్ని ఒప్పుకోదు. ఈ ఇంజిన్‌ను ట్రాక్‌కే ఉంచుకుని ట్రాలీ మీద తీసుకెళ్లండి. చెన్నై ఆరు వందల కిలోమీటర్ల పైమాటే, దారి ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఔటర్ రింగు రోడ్డు మీద రాత్రిపూట పరీక్షిద్దామన్న ఆలోచన ఉంటే నన్ను సలహా అడగకండి.

మీకు నా లెక్క 7,800. స్ట్రోకు అలాగే ఉంచి, మంచి హెడ్డు, స్ప్రింగులు, బోల్టులు, నైట్రైడ్ చేసిన కంపెనీ క్రాంక్, బ్యాలెన్సింగు. రెండు సీజన్లు నడిచాక కూడా 8,500 కావాలనిపిస్తే అప్పుడు ఈఎన్40బీ స్టీలు దిమ్మ నుంచి 71.5 స్ట్రోకుతో కొత్త క్రాంకే తీయిద్దాం. పిన్నులు మీకు కావలసిన వ్యాసంతో వస్తాయి, ఫిల్లెట్లు మీకు కావలసినంత వస్తాయి, పాతదాన్ని చెక్కే బాధ ఉండదు.

ఈలోగా ఇంజిన్ విప్పితే జర్నళ్ల కొలతలు తీసి పంపండి, షెల్స్ ఏ సైజు తెప్పించాలో చెబుతాను. 45 మి.మీ. జర్నల్‌కు, షెల్‌కు మధ్య 0.045 మి.మీ. దగ్గర నూనె ఖాళీ పెడదాం. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో, ఇంట్లో ఏసీ గదిలోంచి అప్పుడే తెచ్చిన మైక్రోమీటరుతో కొలవకండి. ఇరవై డిగ్రీల తేడాకు ఆ జర్నల్ 0.01 మి.మీ. ఉబ్బుతుంది, మనం వెతికే ఖాళీలో అది నాలుగో వంతు. క్రాంక్‌నూ మైక్రోమీటరునూ రాత్రంతా ఒకే గదిలో వదిలేసి, పొద్దున టీ తాగకముందే కొలవండి. ప్రతి జర్నల్‌ను రెండు చోట్ల, రెండు దిక్కుల్లో, నాలుగు అంకెలూ రాసి పంపండి, సగటు కట్టకండి.